సాక్స్-కోబుర్గ్, సాక్స్-మైనింగెన్, ఎటు చూసినా హైన్రిష్‌లు: జర్మన్ రాజవంశాల చార్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ వంశవృక్షం వేద్దామని కూర్చున్నారు. ఒకచోట ఆయన తండ్రి పేరు సాక్స్-కోబుర్గ్-జాల్‌ఫెల్డ్ ఎర్న్‌స్ట్ III అని ఉంది, ఇంకోచోట సాక్స్-కోబుర్గ్-గోథా ఎర్న్‌స్ట్ I అని ఉంది. చుట్టాల్లో చూస్తే వైమార్, మైనింగెన్, ఆల్టెన్‌బుర్గ్. నాయనమ్మ పుట్టింటి వైపు వెళ్తే మగవాళ్లందరి పేరూ హైన్రిష్. ఇవన్నీ వేరువేరు వంశాలా, చార్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. సాక్స్‌తో మొదలయ్యేవన్నీ ఒకే వంశం. ఆ వంశం పేరు వెట్టిన్. హైఫన్ తర్వాత కనిపించే ఊరి పేరు అన్నదమ్ముల పంపకంలో వచ్చిన వాటా. ఎర్న్‌స్ట్ III, ఎర్న్‌స్ట్ I ఇద్దరూ ఒక్కరే. 1826లో ఆయన వాటా మారింది, దాంతో అంకె కూడా మారింది. అందుకే మనుషుల పేర్లు రాయకముందే పంపకాల సంవత్సరాలు ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

నేను 15 ఏళ్లుగా జర్మనీ నడిమధ్య ఉన్న తూరింగియాలో ఉంటున్నాను. వారమంతా సాఫ్ట్‌వేర్ పని, శనివారాలు పాత చర్చి రిజిస్టర్లు, వంశావళులు. ఈ పిచ్చి ఎలా పట్టుకుందంటే, మా నాయనమ్మ పెట్టెలో 1917 నాటి వెండి రూపాయి ఒకటి ఉండేది. కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి బొమ్మ, మెడలో హారం, ఆ హారం కింద వేలి గోరు కన్నా చిన్న ఏనుగు. ఆ రూపాయి అచ్చయిన సంవత్సరంలోనే, జులై 17న, ఆ రాజు తన వంశం పేరు సాక్స్-కోబుర్గ్-గోథా నుంచి విండ్సర్‌గా మార్చుకున్నాడని ఇక్కడికి వచ్చాక తెలిసింది. మా నాయనమ్మ దాచుకున్న రూపాయి మీద ఉన్న మనిషి మూలాలు మా ఇంటి నుంచి రైలెక్కితే చేరుకునే దూరంలో ఉన్నాయని తెలిశాక ఇక వదల్లేకపోయాను.

ఇప్పుడు పంపకాలు చూద్దాం. వెట్టిన్ వాళ్లలో ఎర్న్‌స్ట్, ఆల్బ్రెష్ట్ అని ఇద్దరు అన్నదమ్ములు. కొన్నాళ్లు ఉమ్మడిగా ఏలుకున్నారు. 1485లో లైప్‌జిగ్‌లో విడిపోయారు. పద్ధతి మనకు తెలిసిందే: పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ఎంచుకోవాలి. చిన్నవాడైన ఆల్బ్రెష్ట్ మైసెన్ వైపు తీసుకున్నాడు. అన్నకు తూరింగియా వైపు భూములు, వాటితో పాటు విట్టెన్‌బెర్గ్ ప్రాంతం మిగిలాయి. విట్టెన్‌బెర్గ్‌తో ముడిపడి ఉన్నది చాలా పెద్ద హక్కు, పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తిని ఎన్నుకునే ఓటు. ఆ ఓటు ఉన్నవాళ్లను కుర్‌ఫ్యూర్స్ట్ అనేవారు. అంటే పెద్ద శాఖ ఎర్నెస్టైన్, చిన్న శాఖ ఆల్బెర్టైన్. మీ చార్ట్‌లో మొట్టమొదటి చీలిక ఇదే.

తర్వాత 1547లో అన్న వైపు వాళ్లు చక్రవర్తి ఐదో చార్లెస్‌తో యుద్ధానికి దిగి మ్యూల్‌బెర్గ్ దగ్గర ఓడిపోయారు. ఓటు హక్కు, విట్టెన్‌బెర్గ్ రెండూ తమ్ముడి వైపు మోరిట్స్‌కు పోయాయి. తర్వాతి కాలంలో సాక్సనీ రాజులైంది ఈ తమ్ముడి సంతానమే. పెద్ద శాఖ చిన్న డచీలతో, అంటే డ్యూకులు ఏలే రాజ్యాలతో, తూరింగియాలో ఉండిపోయింది. సాక్సనీ అనే పేరు మాత్రం వదులుకోలేదు. ఎంత చిన్న వాటా వచ్చినా ప్రతి కొడుకూ "సాక్సనీ డ్యూక్" అనే రాసుకున్నాడు. మీరు చూస్తున్న సాక్స్‌ల వరస ఇలా పుట్టింది.

అసలు ముక్కలు కావడం 1680లో జరిగింది. గోథాను ఏలిన ఎర్న్‌స్ట్‌ను "భక్తుడు" అని పిలిచేవారు, 1675లో పోయాడు. ఆయనకు ఏడుగురు కొడుకులు మిగిలారు. ఏడుగురికీ ఏడు వాటాలు: గోథా-ఆల్టెన్‌బుర్గ్, కోబుర్గ్, మైనింగెన్, ర్యోమ్‌హిల్డ్, ఐజెన్‌బెర్గ్, హిల్డ్‌బుర్గ్‌హౌజెన్, జాల్‌ఫెల్డ్. వీటిలో కోబుర్గ్ 1699లో, ఐజెన్‌బెర్గ్ 1707లో, ర్యోమ్‌హిల్డ్ 1710లో మగసంతానం లేక ఆగిపోయాయి. ఆ మూడు వాటాల కోసం మిగిలిన దాయాదులు 1735 దాకా కొట్లాడుకున్నారు. అందరికన్నా చిన్నవాడి శాఖ అయిన జాల్‌ఫెల్డ్‌కు కోబుర్గ్ కలిసింది. 1825లో గోథా శాఖ కూడా ఆగిపోయింది. 1826లో మళ్లీ అందరూ కూర్చుని మార్చుకున్నారు. కోబుర్గ్ వాళ్లు జాల్‌ఫెల్డ్‌ను మైనింగెన్‌కు ఇచ్చేసి గోథా తీసుకున్నారు. హిల్డ్‌బుర్గ్‌హౌజెన్ డ్యూక్ ఆల్టెన్‌బుర్గ్‌కు మారాడు, ఆయన పాత భూమి మైనింగెన్‌కు వెళ్లింది.

మీ చిక్కు ఇక్కడే ఉంది. ఆల్బర్ట్ 1819లో పుట్టినప్పుడు అతను సాక్స్-కోబుర్గ్-జాల్‌ఫెల్డ్ పిల్లవాడు. ఏడేళ్ల వయసులో సాక్స్-కోబుర్గ్-గోథా పిల్లవాడయ్యాడు. పాత వాటాలో మూడో ఎర్న్‌స్ట్ అయిన తండ్రి కొత్త వాటాలో మొదటి ఎర్న్‌స్ట్ అయ్యాడు. ఒకడే తండ్రి.

ఇంతగా ఎందుకు పంచుకున్నారు అన్న ప్రశ్న రావాలి. 1356 నాటి బంగారు ముద్ర శాసనం (గోల్డెన్ బుల్) కుర్‌ఫ్యూర్స్ట్‌ల ఓటు భూమిని ముక్కలు చేయకూడదంది. ఆ నియమం ఓటుతో ముడిపడిన భూమికే. మిగతా భూముల్లో కొడుకులందరికీ హక్కు ఉందనే నమ్మకం బలంగా ఉండేది. హెస్సెలో 1567లో ఫిలిప్ పోగానే రాజ్యం నలుగురు కొడుకుల మధ్య కాసెల్, మార్‌బుర్గ్, రైన్‌ఫెల్స్, డార్మ్‌స్టాట్ అని నాలుగైంది. దీనికి భిన్నంగా బ్రాండెన్‌బుర్గ్‌ను ఏలిన హోహెన్‌జోలెర్న్ వంశం వాళ్లు 1473లోనే ఇంటి శాసనం రాసుకున్నారు, బ్రాండెన్‌బుర్గ్ మొత్తం పెద్ద కొడుక్కే అని. ఆ భూమి చెదరకుండా పెరుగుతూ వెళ్లింది. ప్రష్యా అంత పెద్దది కావడానికి యుద్ధాలతో పాటు ఆ కాగితం కూడా కారణమని నేను గట్టిగా నమ్ముతాను. తూరింగియాలో పరిస్థితి చూడండి: 1918 నాటికి ఈ చిన్న ప్రాంతంలోనే ఎనిమిది రాజ్యాలు. గోథా నుంచి వైమార్‌కు రైల్లో గంట కూడా పట్టదు, రెండూ రాజధానులే.

అంకెల్ని నమ్మకండి. ఎర్న్‌స్ట్ విషయంలో చూశారుగా. ఇంకో ఉదాహరణ: బ్రాండెన్‌బుర్గ్ కుర్‌ఫ్యూర్స్ట్‌గా ఫ్రీడ్రిష్ III అయిన మనిషే 1701లో ప్రష్యా రాజై ఫ్రీడ్రిష్ I అయ్యాడు. 1888లో 99 రోజులు జర్మన్ చక్రవర్తిగా ఉన్న ఫ్రీడ్రిష్ III వేరే మనిషి. అంకె మామూలుగా సింహాసనానికి చెందుతుంది, సింహాసనం మారితే లెక్క మళ్లీ మొదలు.

మీకు కనబడ్డ హైన్రిష్‌ల ఇల్లు, రాయిస్ వంశం, మాత్రం పూర్తిగా వేరే. అక్కడ అంకె పాలకుడికే పరిమితం కాదు, పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ ఉంటుంది. చక్రవర్తి ఆరో హైన్రిష్ మీద గౌరవంతో అందరికీ ఒకే పేరు పెట్టుకున్నారు. పసితనంలో పోయిన బిడ్డకు కూడా అంకె ఉంటుంది. గ్రైట్స్‌లో ఉన్న పెద్ద శాఖ 100 దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. గేరాలో ఉన్న చిన్న శాఖ కొత్త శతాబ్దం రాగానే ఒకటితో మొదలుపెట్టేది. అందుకే గేరాలో 1854 నుంచి 1867 వరకు ఏలినవాడు హైన్రిష్ LXVII, అతని తర్వాత గద్దెనెక్కిన కొడుకు హైన్రిష్ XIV, మనవడు హైన్రిష్ XXVII. తండ్రి 67, కొడుకు 14, మనవడు 27. తండ్రి 1789లో పుట్టాడు, కొడుకు 1832లో. మధ్యలో శతాబ్దం మారింది, అంతే.

నేను మొదట్లో చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. ఒక చార్ట్‌లో హైన్రిష్ XXIV అని కనబడితే, అప్పటికే నా దగ్గర ఉన్న హైన్రిష్ XXIV పెట్టెలో కలిపేశాను. రెండు నెలల తర్వాత చూసుకుంటే ఆ మనిషి పుట్టకముందే అతనికి మనవరాళ్లు ఉన్నారు! హైన్రిష్ XXIVలు నాకు తెలిసే ముగ్గురు: ఎబెర్స్‌డోర్ఫ్ కౌంట్ (1724–1779), క్యోస్ట్రిట్స్ శాఖలో సంగీతకర్త (1855–1910), గ్రైట్స్ ఆఖరి ప్రిన్స్ (1878–1927). అప్పటినుంచి రాయిస్ వాళ్లను అంకె, శాఖ, పుట్టిన ఏడు మూడూ కలిపితే తప్ప చార్ట్‌లోకి రానివ్వను.

మీరు అడగలేదు గానీ ముందే చెప్పాల్సిన విషయం ఇంకోటి ఉంది. "ప్రిన్స్" అన్న ఇంగ్లిష్ మాట జర్మన్‌లో రెండు మాటల్ని మింగేస్తుంది. ఫ్యూర్స్ట్ అంటే ఏలే మనిషి, లేదా ఆ ఇంటి పెద్ద. ప్రింట్స్ అంటే ఆ ఇంట్లో పుట్టిన మిగతా మగవాడు. తెలుగులో రెండింటికీ "రాకుమారుడు" అని రాస్తే ఏలినవాడు ఎవడో, ఏలనివాడు ఎవడో తెలియదు. నేనైతే మొదటిదానికి "పాలకుడు" అని, రెండోదానికి "రాకుమారుడు" అని రాస్తాను. జర్మన్ పదాన్ని పక్కన పెట్టుకుంటాను.

ఇక దాయాదుల హక్కు ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే నాసావు వంశం చూడండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కేసు ఇది. 1255లో వాల్రామ్, ఒట్టో అనే అన్నదమ్ములు లాన్ నదిని హద్దుగా పెట్టుకుని విడిపోయారు. ఒట్టో సంతానం కాలక్రమంలో నెదర్లాండ్స్ రాజులయ్యారు. వాల్రామ్ సంతానం జర్మనీలో నాసావు డ్యూకులు. 1783లో ఈ దాయాదులంతా ఒక ఒప్పందం రాసుకున్నారు, ఒక శాఖలో మగసంతానం లేకపోతే భూమి రెండో శాఖకు చెందాలని. 1890 నవంబర్‌లో నెదర్లాండ్స్ రాజు మూడో విల్లెమ్ పోయాడు. పదేళ్ల కూతురు విల్‌హెల్మినా మిగిలింది. నెదర్లాండ్స్ ఆమెకు వచ్చింది. అప్పటిదాకా అదే రాజు కింద ఉన్న లక్సెంబర్గ్ మాత్రం ఒప్పందం ప్రకారం అవతలి శాఖలోని అడోల్ఫ్‌కు వెళ్లింది. 1866లో తన డచీని ప్రష్యాకు పోగొట్టుకున్న ఆ పెద్దాయనకు 73 ఏళ్ల వయసులో ఒక దేశం దక్కింది. అన్నదమ్ములు విడిపోయిన 635 ఏళ్లకు! వంశవృక్షం అంటే వాళ్లకు ఆస్తి దస్తావేజు లాంటిదని ఈ ఒక్క కేసుతో అర్థమవుతుంది.

పెళ్లి సరిజోడుదా కాదా అన్నది ప్రతి పెళ్లి దగ్గరా రాసుకోండి. తల్లి కూడా పాలక వంశంలోనో, దానికి సమానమైన వంశంలోనో పుట్టి ఉండాలి. లేకపోతే పిల్లలకు తండ్రి బిరుదు రాదు, గద్దె మీద హక్కు రాదు. వాళ్లకు వేరే పేరు పెట్టి పక్కకు జరుపుతారు. అందుకే చార్ట్‌లో ఒక తరం దగ్గర పేరు హఠాత్తుగా మారిపోతే మొదట తల్లిని చూడండి. హెస్సె రాకుమారుడు అలెగ్జాండర్ 1851లో యూలియా హౌకేను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పాలక వంశం పిల్ల కాదు. పిల్లలకు హెస్సె పేరు రాలేదు, బాటెన్‌బెర్గ్ అనే పేరు ఇచ్చారు. 1917లో బ్రిటన్‌లో ఉన్న శాఖ దాన్ని ఇంగ్లిష్ చేసి మౌంట్‌బాటెన్ అని మార్చుకుంది. 1947లో మన ఆఖరి వైస్రాయ్ ఆ అలెగ్జాండర్, యూలియాల మనవడే. మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేరు వెనక ఒక సరిజోడు కాని పెళ్లి ఉంది.

లిప్పె అనే చిన్న జర్మన్ రాజ్యం గొడవ ఇంకా పెద్దది. 1895లో లిప్పె పాలకుడు వోల్డెమార్ పిల్లలు లేకుండా పోయాడు. తమ్ముడు అలెగ్జాండర్‌కు మతిస్థిమితం లేదు కాబట్టి రాజప్రతినిధి కావాలి. రెండు దాయాది శాఖలు ముందుకొచ్చాయి: షౌంబుర్గ్-లిప్పె, లిప్పె-బీస్టర్‌ఫెల్డ్. వరసలో బీస్టర్‌ఫెల్డ్ ఎర్న్‌స్ట్ ముందున్నాడు. అయితే అతని నాయనమ్మ మోడెస్టె ఫొన్ ఉన్‌రూ మామూలు ఉన్నత కుటుంబం పిల్ల, 1803లో జరిగిన ఆ పెళ్లి సరిజోడు కాదని అవతలివాళ్లు వాదించారు. అవతలి అభ్యర్థి చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ బావమరిది వరస వాడు, చక్రవర్తి చెల్లెలి భర్త. సాక్సనీ రాజు ఆల్బెర్ట్ అధ్యక్షతన మధ్యవర్తులు కూర్చున్నారు. 1897లో ఎర్న్‌స్ట్ వైపు తీర్పు వచ్చింది. మళ్లీ వివాదం లేచి 1905లో అతని కొడుకు నాలుగో లియోపోల్డ్ వైపు రెండో తీర్పు వచ్చాకే ముగిసింది. దాదాపు వందేళ్ల కింద పెళ్లాడిన ఒక ఆవిడ పుట్టింటి హోదా మీద ఒక రాజ్యం పదేళ్లు ఊగిసలాడింది.

ఈ కథలో నన్ను కలచివేసేది తర్వాతి ముక్క. నాయనమ్మ విషయంలో అన్ని మాటలు పడ్డ ఆ ఇంట్లోనే, లియోపోల్డ్ తమ్ముడు 1909లో ఆర్మ్‌గార్డ్ ఫొన్ క్రామ్‌ను పెళ్లి చేసుకుంటే అదీ సరిజోడు కాదన్నారు. 1911లో పుట్టిన కొడుకు బెర్న్‌హార్డ్‌ను బీస్టర్‌ఫెల్డ్ కౌంట్ అని మాత్రమే నమోదు చేశారు. 1916లో గానీ రాకుమారుడు బిరుదు ఇవ్వలేదు. అతనే 1937లో నెదర్లాండ్స్ యువరాణి యూలియానాను పెళ్లాడాడు. ఇప్పటి డచ్ రాజు అతని మనవడు. పుట్టినప్పుడు ఉన్న బిరుదు, పోయినప్పుడు ఉన్న బిరుదు రెండూ వేరుగా రాసుకోమని నేను అందరికీ చెప్పేది ఇలాంటివాళ్ల కోసమే.

తేదీల గురించి కొంచెం. 1582 తర్వాత కాథలిక్ రాజ్యాలు కొత్త క్యాలెండర్‌లోకి మారాయి. ప్రొటెస్టెంట్ రాజ్యాలు 1700 దాకా పాతదే వాడాయి. ఆ ఏడు వాళ్లకు ఫిబ్రవరి 18 తర్వాత రోజు మార్చి 1. మధ్యలో ఉన్న వందేళ్ల పైచిలుకు కాలంలో రెండు చోట్ల తేదీలకు పది రోజుల తేడా. నేను చూసిన ఒక చార్ట్‌లో బిడ్డ పుట్టకముందే బాప్తిస్మం అయిపోయింది. వేసినాయన టెన్షన్ పడిపోయాడు, తప్పు ఎక్కడుందో తెలియక. పుట్టిన తేదీ కొత్త లెక్క, బాప్తిస్మం పాత లెక్క. తేదీ పక్కన ఏ క్యాలెండరో రాసుకుంటే చాలు.

జర్మన్ వంశావళి పేజీ చూస్తే గుర్తులే ఎక్కువ కనిపిస్తాయి. నక్షత్రం గుర్తు పుట్టుక, బాకు లాంటి శిలువ మరణం, రెండు ఉంగరాలు కలిసినట్టు ఉంటే పెళ్లి. ఈ మూడు తెలిస్తే భాష రాకపోయినా సగం పేజీ చదవొచ్చు. చేతిరాత రిజిస్టర్లలోకి దిగాలంటే మాత్రం కురెంట్ అనే పాత లిపి నేర్చుకోవాలి. అందులో e అక్షరం మనకు n లాగా కనబడుతుంది. రోజుకో అరగంట కూర్చుంటే మూడు నాలుగు నెలల్లో వస్తుంది. ప్రొటెస్టెంట్ రిజిస్టర్లకు ఆర్కియోన్ అనే వెబ్‌సైట్ ఉంది, డబ్బు కట్టాలి. కాథలిక్ వాటికి మాట్రికులా అనే వెబ్‌సైట్ ఉచితం.

అచ్చయిన వాటిలో అందరూ పట్టుకునేది గోథా పంచాంగం. 1763 నుంచి 1944 దాకా గోథా పట్టణంలోనే వచ్చింది. అందులో మొదటి భాగం ఏలే వంశాలకు. రెండోది చిన్న రాజ్యాలను పెద్దవాటిలో కలిపేసిన 1803, 1806 మార్పుల్లో రాజ్యం పోయినా సమాన హోదా నిలుపుకున్న వంశాలకు. మూడోది ఎన్నడూ ఏలని ప్రిన్స్ బిరుదు వంశాలకు. ఏ భాగంలో ఉంది అన్నదే పెళ్లి సరిజోడా కాదా అని చెప్పేది. ఒక జాగ్రత్త: కుటుంబాలు తామే పంపిన వివరాలు అందులో ఎక్కువ. పెళ్లి కాకుండా పుట్టిన పిల్లలు కనబడరు.

1919 తర్వాతి మనుషుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రాజులు పోయాక వచ్చిన వైమార్ రాజ్యాంగంలోని 109వ అధికరణం ప్రకారం బిరుదు ఇంటిపేరులో భాగం అయిపోయింది, హక్కులు పోయాయి. ఇంటిపేరు కాబట్టి దత్తత ద్వారా కూడా వస్తుంది, పెద్దవాళ్లను కూడా దత్తత తీసుకోవచ్చు. ఈ దారిలో డబ్బుకు "ప్రింట్స్" అయినవాళ్లు ఉన్నారు. రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు, జర్మన్ కౌంట్ బిరుదు ఇప్పిస్తామని ఎవరో పెద్ద మొత్తం అడుగుతున్నారని. జర్మనీలో ఇప్పుడు కౌంట్ బిరుదు ఇచ్చే అధికారం ఎవరికీ లేదు, డబ్బు కట్టకండి అని చెప్పాను. మీకూ అదే చెబుతున్నా.

ఇప్పుడు మీ చార్ట్‌కు వద్దాం. 1485, 1547, 1680, 1735, 1826 అని ఎడమవైపు రాసుకోండి. ఆల్బర్ట్‌ను 1819 దగ్గర జాల్‌ఫెల్డ్ వరసలో పెట్టి, 1826 దగ్గర గోథా వైపు గీత లాగండి. భార్య వైపు వెళ్లినప్పుడు మీకు పాత పేర్లే మళ్లీ తగులుతాయి, కంగారు పడకండి. విక్టోరియా తల్లి ఆల్బర్ట్ తండ్రికి సొంత చెల్లెలు. అంటే ఆల్బర్ట్ చేసుకున్నది మేనత్త కూతురిని, అచ్చమైన మేనరికం. కాబట్టి ఆల్బర్ట్ నాయనమ్మ, విక్టోరియా అమ్మమ్మ ఒకే ఆవిడ, రాయిస్-ఎబెర్స్‌డోర్ఫ్ ఆగుస్టె (1757–1831). ఆమెకు రెండు పెట్టెలు గీయకండి, ఒకటే గీసి రెండు గీతలు కలపండి. ఆమె తండ్రి పెట్టెలో ఇలా రాయండి: హైన్రిష్ XXIV, ఎబెర్స్‌డోర్ఫ్, 1724. పైన ఆయన తండ్రి హైన్రిష్ XXIX, 1699లో పుట్టాడు. అంకె తగ్గలేదు పెరిగింది అని ఆగిపోవద్దు, ఎబెర్స్‌డోర్ఫ్ వాళ్లూ రాయిస్ చిన్న శాఖ వాళ్లే, మధ్యలో 1700 ఉంది.